డబ్బా వెనకాల బండి

ఏమండోయ్, ఒక్క నిమిషం ఇటు రండి. మీ ఇంట్లో పిల్లాడికో, లేదా మీకో (మొహమాటం దేనికి, మీకే అనుకుందాం) ఎవరైనా లెగో టెక్నిక్ డబ్బా ఇచ్చారా? ఇస్తే దాన్ని తిరగేసి వెనకవైపు చూశారా? ముందువైపు సంగతి చెప్పక్కర్లేదు. అట్ట మొత్తం ఆక్రమించుకుని, దుమ్ము రేపుకుంటూ ఓ బండి ఉంటుంది. కొన్ని డబ్బాల మీద వెనకాల ఓ పక్కన, చిన్న బొమ్మలో, ఇంకో బండి ఉంటుంది. ముక్కలు అవే, బండి వేరు. చాలామంది దాని మొహం కూడా చూడరు పాపం. నేను ముందు చూసేది దాన్నే.

ఈ ఆట మరిగినవాళ్లు ముందున్నదాన్ని ఏ మోడల్ అంటారు, వెనకున్నదాన్ని బి మోడల్ అంటారు. రూలు ఒక్కటే. ఏ మోడల్‌కి ఇచ్చిన ముక్కలతోనే బి మోడల్ కట్టాలి. బయటనుంచి ఒక్క పిన్ను తేవడానికి వీల్లేదు. మిగిలితే మిగలొచ్చు, తక్కువ పడకూడదు. నాకేమో ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చడమంటే మహా సరదా. పక్కపక్కన పెట్టడం ఎలాగూ కుదరదనుకోండి. ఒకటుంటే రెండోది ఉండదు. అందుకే ఫొటో తీసి పెట్టుకోవాలి, లేదా బాగా గుర్తుపెట్టుకోవాలి.

తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు చెప్పేస్తాను. తెలిసినవాళ్లు ఈలోగా టీ తాగి రండి. లెగో వాళ్లది డెన్మార్కులో బిల్లుండ్ అనే ఊరు. ఓలే కిర్క్ క్రిస్టియాన్సెన్ అనే వడ్రంగి 1932లో మొదలుపెట్టాడు. మనందరికీ తెలిసిన బొడిపెల ఇటుకకి 1958లో పేటెంటు పెట్టారు. ఇటుకలతో ఇల్లు కట్టొచ్చు, కోట కట్టొచ్చు. బండి కూడా కట్టొచ్చు, కానీ స్టీరింగు తిప్పితే చక్రం తిరగదుగా? ఆ కొరత 1977లో తీరింది. చిల్లులున్న ఇటుకలు, ఇరుసులు, పళ్లచక్రాలు వచ్చాయి, టెక్నిక్‌కి మొదలు అదే. ఆ ఏడాదే ఓ కారు చాసిస్ కూడా వచ్చింది. పైన రేకు లేదు, డోర్లు లేవు. తోస్తే మాత్రం ఇంజన్లో పిస్టన్లు కిందకీ పైకీ ఆడతాయి. చూశారా వాళ్ల పొగరు! 1984లో గాలి పంపులొచ్చాయి. 2008లో మరచుట్టు తిరిగితే పొడుగు సాగే కడ్డీలొచ్చాయి, వాటిని లీనియర్ యాక్చుయేటర్లంటారు. జేసీబీకి నూనె తోసే పని ఇక్కడ ఇవి చేస్తాయి. ఈ మధ్యలో బీముల (అంటే ఆ చిల్లుల పొడుగు ఇటుకల) మీద బొడిపెలు మాయమైపోయాయి. ఇప్పుడన్నీ చిల్లులే.

సరే, టీ తాగినవాళ్లు వచ్చేశారా?

ఏ మోడల్ తయారుచేసే డిజైనరు అదృష్టవంతుడు. పెద్ద టైరు కావాలంటే పెద్ద టైరు, పసుపు పలక కావాలంటే పసుపు పలక. బి మోడల్ పట్టే డిజైనరు వచ్చేసరికి జాబితా ఖరారైపోయి ఉంటుంది. అమ్మ పట్టుచీర ఇచ్చి పాపకి పరికిణీ కుట్టమంటే దర్జీ ఏం చేస్తాడండీ? జరీ అంచు ఎక్కడుందో చూసి అక్కణ్నించే ఆలోచన మొదలుపెడతాడు. చీరకి కొంగైంది పరికిణీకి ఏమవ్వాలి? అంచు కిందకి రావాలా, నడుం దగ్గరకా? బి మోడల్లో మజా అంతా అక్కడే ఉంది. ఏ మోడల్ చూసినప్పుడు అబ్బ ఎంత బాగుంది అంటాం. బి మోడల్ చూసినప్పుడు ఓరి వీడి దుంపతెగ, దీన్ని ఇక్కడ వాడాడా అంటాం. నాకా రెండోదే ఇష్టం.

ఉదాహరణ కావాలా? నా దగ్గర ఒకటి రెండు కాదు, అసలు ఆపలేరు నన్ను.

2014లో వచ్చిన వోల్వో ఎల్350ఎఫ్ వీల్ లోడర్ తీసుకోండి. నంబరు 42030, ముక్కలు 1,636, రిమోటుతో నడిచేది. నడవడానికి, తిరగడానికి, చేతులెత్తడానికి, బకెట్ వంచడానికి నాలుగు మోటార్లు. మామూలుగానే మంచి సెట్టు. అయితే దాని బి మోడల్ ఏంటో తెలుసా? వోల్వో ఎ25ఎఫ్. అంటే గనుల్లో, రోడ్డు పనుల్లో మట్టి మోసే డంపరు, ఆర్టిక్యులేటెడ్ హాలరు.

ఇప్పుడు దగ్గరికి రండి, అసలు రహస్యం చెప్తాను. వీల్ లోడరుకి కారులాగా ముందు చక్రాలు పక్కకి తిరగవు. బండే నడుం దగ్గర మడత పడుతుంది. ముందు సగం ఓ వైపు, వెనక సగం ఇంకో వైపు. డంపరూ అంతే. అదీ నడుం దగ్గరే వంగుతుంది. కాబట్టి రెండు బండ్లకీ ఉమ్మడి ఆస్తి ఆ నడుమే. అక్కడ పెట్టిన కీలు రెండిటికీ సరిపోయింది. బకెట్‌ని ఎత్తిన కడ్డీలు వెళ్లి తొట్టిని ఎత్తే పనిలో చేరాయి. పైగా ఇదేదో కల్పన కాదు, రెండూ వోల్వో నిజంగా అమ్మిన యంత్రాలే. ఈ నడుం వంగే డంపర్లని వరసపెట్టి తయారుచేసి అమ్మింది కూడా ఆ స్వీడన్ కంపెనీయే, 1966లో. ఆ డంపరుకి గ్రుస్-కల్లే అని ముద్దుపేరు కూడా ఉంది.

ఇంకో కొసమెరుపు. నిజం పనిచోట ఈ రెండూ జంటగా తిరుగుతాయి. లోడరు మట్టి ఎత్తి పోస్తుంది, డంపరు మోసుకుపోతుంది. మన డబ్బాలో మాత్రం లోడరు ఉన్నంతకాలం డంపరు లేదు, డంపరు పుట్టాలంటే లోడరు పోవాలి. ఆ ఎత్తినవాడు, ఈ మోసినవాడు ఒకరి మొహం ఒకరు చూసుకోవాలంటే మీరు రెండు డబ్బాలు కొనాలి. డెన్మార్కువాళ్లు అమాయకులని ఎవరన్నారు?

ఇక మ్యాక్ యాంథెమ్ కథ. ఇది 2018 నాటిది, 42078, ముక్కలు 2,595. అమెరికా హైవేల మీద కనిపిస్తుందే, పొడుగు ముక్కు లారీ, వెనక ట్రైలరు, ట్రైలరు మీద కంటైనరు. ఆ దర్జా, ఆ బానెట్టు! అక్కడుండే మన పిల్లలు వీడియో కాల్లో అప్పుడప్పుడు చూపిస్తుంటారు, పక్కనుంచి అలాంటిది వెళ్తుంటే ఇంటి గోడ కదిలినట్టుందని. మరి ఇంత గొప్ప బండిని విప్పితే ఏమైందనుకున్నారు? చెత్తబండి! మ్యాక్ ఎల్ఆర్ అని అదీ ఆ కంపెనీదే. ముక్కు మాయం, మొహం బల్లపరుపు. చెత్తడబ్బా అందుకుని ఎత్తి లోపల పోసుకునే ఏర్పాటు కూడా ఉంది.

పోల్చి చెప్పమంటే నేను చెత్తబండికే ఓటేస్తాను. యాంథెమ్ అందంగా ఉంది, కాదన్ను. కట్టాక అల్మరా మీద పెట్టి చూడ్డమే. ట్రైలరుతో కలిపి అదెంత పొడుగంటే, మనింట్లో అల్మరాలకి ఆ పొడుగు ఎక్కడుందీ? చెత్తబండి దగ్గర చేతికి పని ఉంది. పిల్లలు చూడండి, లారీని ఓసారి తోసి వదిలేస్తారు. చెత్తబండి దగ్గర మాత్రం పూట గడిచిపోతుంది. పెన్సిలు ముక్కలు, గింజలు, బఠాణీలు, చిత్తుకాగితాలు, ఏది దొరికితే అది డబ్బాలో పడుతుంది. మా వీధిలో పొద్దున్నే పాట పాడుకుంటూ వచ్చే బండిని కూడా ఇంత శ్రద్ధగా ఎవరూ చూడరు.

క్రేన్ల దగ్గరికొస్తే బి మోడల్ డిజైనర్లకి పండగే. సాగే బూమ్, అంటే క్రేను చెయ్యి, దొరికింది కదా! 2013 నాటి మొబైల్ క్రేన్ మార్క్ 2 (42009, 2,606 ముక్కలు) విప్పితే కంటైనర్ స్టాకర్ అవుతుంది. విశాఖ లాంటి రేవుల్లో కంటైనర్లని ఎత్తి ఒకదాని మీద ఒకటి పేర్చే యంత్రం చూశారుగా, అదే. మార్పు చక్కగా కుదిరింది. కానీ నన్నడిగితే ఇందులో ఆశ్చర్యం పాలు తక్కువ. బూమ్ బూమ్‌గానే ఉంది, కొస మాత్రం మారింది. అన్నదమ్ముల్లో ఒకడు మీసం పెంచాడంతే.

2018లో వచ్చిన రఫ్ టెర్రైన్ క్రేన్ అలా కాదు. 42082, ముక్కలు 4,057. ఆరోజుకి టెక్నిక్‌లో అంతకంటే ఎక్కువ ముక్కల సెట్టు లేదు. బూమ్ చాపితే మీటరు ఎత్తు లేస్తుంది. ఒక్క మోటారు, దాని పని గేర్‌బాక్సుతో అటూ ఇటూ పంచుతారు. ఓ లీవరు వేస్తే బూమ్ లేస్తుంది, ఇంకోటి వేస్తే సాగుతుంది. ఇంత నాజూకైన యంత్రాన్ని విప్పి బి మోడల్‌గా ఏం చేశారు? పైల్ డ్రైవర్. అంటే పునాదుల కోసం దూలాలని నేలలోకి దిగ్గొట్టేది. మన పక్క స్థలంలో అపార్టుమెంటు మొదలెడితే మధ్యాహ్నం కునుకు పట్టనివ్వకుండా ధడేల్ ధడేల్ మంటుందే, అదే ఆ మహానుభావుడు! క్రేను అతి జాగ్రత్తగా దించుతుంది. పైల్ డ్రైవరు ఎత్తి మరీ పడేస్తుంది. ముక్కలు అవే, బుద్ధి పూర్తిగా తిరగబడింది. ఇదీ నాకు నచ్చిన పోలిక.

ఇక అసలు బండే కాని బి మోడల్ ఒకటుంది. 2016లో బకెట్ వీల్ ఎక్స్‌కవేటర్ వచ్చింది, 42055, ముక్కలు 3,929. చుట్టూ బకెట్లు బిగించిన పెద్ద చక్రం తిరుగుతూ నేలని గీరుతుంది, గీరింది బెల్టు మీద పడి వెనక్కి పోతుంది. జర్మనీ బొగ్గు గనుల్లో నిజం యంత్రాలు వేల టన్నుల బరువుంటాయి. మరీ అంత దూరం ఎందుకు, పక్కనే తమిళనాడులో నైవేలి లిగ్నైట్ గనుల్లోనూ బకెట్ చక్రాలే తిరుగుతుంటాయి. దీన్ని విప్పితే వచ్చేది మొబైల్ అగ్రిగేట్ ప్రాసెసింగ్ ప్లాంట్. సూటిగా చెప్పాలంటే ఊళ్లు తిరిగే కంకర మిషను. మన రోడ్ల పక్కన కొండలు తవ్వి కంకర కొట్టేచోట తెల్లదుమ్ములో నిలబడి ఉంటాయి చూడండి, ఆ కుటుంబమే. ఎంతమందికి పుట్టినరోజు కానుకగా కంకర మిషను కావాలనిపిస్తుంది చెప్పండి? డబ్బా ముందు ఆ బొమ్మ వేస్తే ఒక్కటీ అమ్ముడుపోదు. వెనకాల కాబట్టి ధైర్యం చేశారు. నాకు ఆ ధైర్యమే ముద్దొస్తుంది.

కొన్ని మాత్రం చప్పగా ఉంటాయి, దాపరికమెందుకు. 2018లోనే వచ్చిన ర్యాలీ కారు (42077) బగ్గీగా మారుతుంది. బాగానే ఉంటుంది, కానీ చొక్కా విప్పి బనీనుతో నిలబడ్డ ర్యాలీ కారులాగే ఉంటుంది. సగం ముక్కలు బల్ల మీదే మిగిలిపోయినట్టు అనిపిస్తే బి మోడల్ ఓడినట్టే నా లెక్కలో. మిగులు ఎంత అని చూడండి ముందు. అసలు సిసలు పనిమంతుడైతే మిగులు గుప్పెడుకి మించదు.

ఇంకో గుర్తు చెప్పనా? రంగులు. టెక్నిక్‌లో ముక్కల్ని కలిపే మామూలు పిన్ను నలుపు, మూడు చిల్లుల పొడుగు పిన్ను నీలం. ఇరుసుల్లో చాలావరకు సరి పొడుగువి నలుపు, బేసి పొడుగువి బూడిదరంగు, అన్నిటికంటే పొట్టిది ఎరుపు. ఏరుకోవడానికి వీలుగా అలా పెట్టారు. ఏ మోడల్లో ఇవన్నీ పలకల వెనకాల దాక్కుంటాయి. బి మోడల్లో దాచడానికి పలకలు సరిపోవు పాపం. దాంతో తలుపు మీద నీలం చుక్కలు, బానెట్టు మీద ఎర్ర చుక్క. అమ్మవారు పోసినట్టుంటుంది. అందం కోరేవాళ్లు ఇక్కడ మొహం చిట్లిస్తారు. చిట్లించనివ్వండి. ఎక్కడెక్కడ కీలు ఉందో, ఏది దేన్ని పట్టుకుందో ఆ చుక్కలే కదా చెప్పేది!

అన్నీ చెప్పి ఒక్క కష్టం చెప్పకపోతే ఎలా. విప్పడం! కట్టడం పండగ, విప్పడం పండగ మర్నాటి పని. నాలుగు వేల ముక్కలు విప్పితే బొటనవేళ్లు బొటనవేళ్లలా ఉండవు. విప్పినవాటిని ఎందులో వెయ్యాలి? వంటింట్లో పళ్లేలు, కంచాలు, ఇడ్లీ రేకులు కూడా. ఇడ్లీ రేకు గుంటల్లో పిన్నులు ఎంత బాగా అమరుతాయో మీకు తెలీదు. మా ఇంట్లో తెలుసు. అందుకే ఇప్పుడు ఇడ్లీ రేకులు తాళం పెట్టిన బీరువాలో ఉంటున్నాయి.

మరో ఫిర్యాదు, ఇది కాస్త పెద్దదే. ఒకప్పుడు రెండు బండ్లకీ అచ్చు పుస్తకం డబ్బాలోనే ఉండేది. తర్వాత పెద్ద సెట్లకి ఏ మోడల్ పుస్తకం మాత్రం ఇటుకంత లావున ఇచ్చి, బి మోడల్ కావాలంటే పీడీఎఫ్ దించుకోమన్నారు. అంటే ఒక చేత్తో గేరు, రెండో చేత్తో ఫోను. వేలితో పేజీ జరపబోతే రెండు పేజీలు దాటిపోతుంది. చత్వారం వచ్చినవాళ్లయితే నల్ల బీము మీద నల్ల పిన్ను ఎక్కడుందో వెతుక్కోవాలి. ఇది సవతి తల్లి ప్రేమ కాదూ?

విదేశాల నుంచి తెప్పించుకునే మనవాళ్ల పాట్లు ఇంకో రకం. టెక్నిక్ డబ్బా పెద్దది, లోపల సగం గాలి. సూట్‌కేసు చిన్నది, అందులో తూకం లెక్క. అందుకని వచ్చే బంధువు డబ్బా అక్కడే పారేసి ముక్కల పొట్లాలూ పుస్తకమూ మాత్రం తెస్తాడు. తెచ్చి, "అన్నయ్యా, ఏం పారెయ్యలేదు, అన్నీ ఉన్నాయి" అంటాడు. ఏం పారెయ్యలేదట! వెనకాల అట్ట మీద ఉన్న బండి పోయిందిరా నాయనా అని ఎలా చెప్పేది? పుస్తకంలో అది లేదు, డబ్బా లేదు. ఇంక ఆ ఇంట్లో బి మోడల్ అనేదొకటి ఉందని ఎవరికీ తెలియకుండానే పోతుంది.

ఈమధ్య అసలు బి మోడలే ఉండని పెద్ద కార్లు వస్తున్నాయి. 2016లో పోర్షే 911 జీటీ3 ఆర్ఎస్, 2,704 ముక్కలు. 2018లో బుగాటీ షిరాన్, 3,599. 2020లో లాంబోర్గిని సియాన్, 3,696. ఒక్కోటి ఒక్కో అందగత్తె, కాదనను. వెనకాల రెండో బండి ఊసే ఉండదు. లాంబోర్గినిని విప్పి కంకర మిషను చేసుకోండని ఆ కంపెనీకి చెప్పే గుండె ఎవరికుంటుంది లెండి. కానీ అభిమానులు ఊరుకుంటారా? కంపెనీ ఇవ్వకపోతే మేమే చేసుకుంటామని అవే ముక్కలతో ఇంకో కారో, విమానమో కట్టి కూర్చుంటున్నారు. వాటికి సి మోడల్ అని పేరు. కొన్నయితే అసలుదాన్ని తలదన్నేలా ఉంటున్నాయి. జీతం లేదు, గడువు లేదు, పక్కన కూర్చుని తొందరపెట్టే మేనేజరు లేడు. బాగా రాక ఏం చేస్తాయి?

కొత్తగా మొదలెట్టేవాళ్లు మాత్రం పెద్దవాటి జోలికి పోకండి. చిన్నవాటిల్లో రెండో బండి సంప్రదాయం మొన్నమొన్నటిదాకా బతికే ఉంది. 2021లో 140 ముక్కలతో స్కిడ్ స్టీర్ లోడర్ వచ్చింది, 42116. దాని బి మోడల్ హాట్ రాడ్! మట్టి ఎత్తుకునే బుడ్డోడు రాత్రికి రాత్రి రేసు కారు. 2023 నాటి డంప్ ట్రక్ (42147) ఇంకా ముచ్చట. 177 ముక్కలు. ముందు టిప్పరు, విప్పితే పొక్లెయిన్. భోజనాల తర్వాత మొదలెడితే టీ వేళకి ఒకటి, రాత్రి వంటలోపు రెండోది. వోల్వో దగ్గర చెప్పిన చిక్కే ఇక్కడా ఉంది. టిప్పరు నింపడానికి పొక్లెయిన్ కావాలి, పొక్లెయిన్ కావాలంటే టిప్పరు విప్పాలి. ఇంట్లో ఇద్దరు పిల్లలుంటే గొడవ తప్పదు.

కాబట్టి రెండు డబ్బాలు తెచ్చేయండి. ఇంట్లో ఎవరైనా ఒకటే సెట్టు రెండోసారి ఎందుకని అడిగితే, ఇసుక ఎత్తేవాడుండి మోసేవాడు లేకపోతే పని ఎలా సాగుతుందని మీరే ఎదురడగండి. నా దగ్గర ఆ జవాబు పనిచేసింది. రెండో ప్రశ్న ధర గురించి, దానికి మాత్రం జవాబు ఇంకా తయారుకాలేదు. మీకేమైనా తడితే గోడవతల నుంచి ఓ కేక వెయ్యండి.